ఫ్రీ ఏజెంట్ల కాలం: ఒక్క మ్యాచ్ కూడా చూడకుండా వాదన నెగ్గే పద్ధతి

జూన్ 30 సాయంత్రం ఆరింటికి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ బేరాల సంత తెరుచుకుంటుంది. కాంట్రాక్టు తీరిన ఆటగాడు, అంటే ఫ్రీ ఏజెంట్, ఆ నిమిషం నుంచి ఏ జట్టుతోనైనా మాట్లాడుకోవచ్చు. హైదరాబాద్‌లో అప్పటికి జూలై 1 తెల్లవారుజాము మూడున్నర. మా న్యూజెర్సీ ఎడిసన్‌లో మాత్రం సరిగ్గా టీ వేళ. ఓక్ ట్రీ రోడ్డులో మిరపకాయ బజ్జీలు కట్టించుకుని ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో చేరతాం. మా జట్టు న్యూయార్క్ నిక్స్. రైలెక్కితే గంటలో పెన్ స్టేషన్, దాని నెత్తిమీదే మాడిసన్ స్క్వేర్ గార్డెన్.

నేను 2010లో ఎం.ఎస్. చదవడానికి వచ్చాను. అప్పట్నుంచి ప్రతి ఎండాకాలం ఈ సంత మీద వాదిస్తూనే ఉన్నాను. మొదటి ఏడాది దెబ్బతిన్నాను. ఆ తర్వాత ఒక్కటంటే ఒక్క వాదన ఓడిపోలేదు. ఈ విద్య నాతోనే పోకూడదని రాస్తున్నాను. కొత్తగా వచ్చే కుర్రాళ్లు పాపం రాత్రిళ్లు మేలుకుని మ్యాచ్‌లు చూస్తారు, లెక్కలు కడతారు, నిజమేంటో తెలుసుకుని మాట్లాడదామనుకుంటారు. అంత శ్రమ అక్కర్లేదు. ఒక్కో మ్యాచ్ రెండున్నర గంటలు, సీజన్‌కు 82 మ్యాచ్‌లు, మొత్తం 205 గంటలు. ఆ 205 గంటలూ మిగుల్చుకుని, పైగా మీ మాటే చెల్లించుకునే దారి ఇది. వరసగా పాటించండి.

1. మ్యాచ్ చూడకండి.

చూసినవాడికి అనుమానాలు పుడతాయి. ఫలానావాడు నాలుగు పాయింట్లే చేశాడు గానీ పక్కవాడికి దారి భలే ఇచ్చాడే అనిపిస్తుంది. అనుమానం పుట్టినవాడు మాట్లాడేటప్పుడు నీళ్లు నములుతాడు. పొద్దున్నే పళ్లు తోముకుంటూ స్కోరు ఒక్కటి చూసుకోండి, చాలు. గెలిచారా, "చివరి క్వార్టర్‌లో కంగారు పడ్డారు" అనండి. ఓడారా, "డిఫెన్స్‌లో కాళ్లు కదల్లేదు" అనండి. నిక్స్ 1946 నుంచి ఆడుతున్నారు. ఈ రెండు మాటలూ అప్పట్నుంచి ఇప్పటిదాకా ఏ మ్యాచ్‌కైనా అతుకుతాయి. "ఎప్పుడు? ఎవరు కదల్లేదు?" అని ఎవడైనా గుచ్చి అడిగితే "అదేంటి, నువ్వు చూడలేదా?" అని ఎదురడగండి. చూసినవాడు కూడా ఒక్క క్షణం తడబడతాడు. ఆ క్షణం మీది.

2. క్రియాపదం జాగ్రత్తగా ఎంచుకోండి.

అన్నింటిలోకీ ముఖ్యమైనది ఇదే, నిదానంగా చదవండి. "చేరతాడు" అనే మాట నోట్లోంచి రానివ్వకండి. "చేరాల్సినవాడు" అనండి. చేరతాడంటే రేపు ఎవడో వచ్చి లెక్క అడుగుతాడు. చేరాల్సినవాడంటే ఎవడూ ఏమీ అడగలేడు. చేరితే మీరు చెప్పినట్టే జరిగింది. చేరకపోతే తప్పు జరిగిందని మీరు ముందే బాధపడ్డారు.

ఈ పాఠానికి నేను కట్టిన ఫీజు చెప్తాను. 2010లో నిక్స్ ఉన్నవాళ్లను రెండేళ్లపాటు వదిలించుకుంటూ, లెబ్రాన్ జేమ్స్ కోసం జీతాల పద్దు ఖాళీ చేసి కూర్చున్నారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం. మా అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం ఉండేవాళ్లం. దిగి పట్టుమని నెల కాలేదు, నేను అందరి ముందూ "లెబ్రాన్ వస్తాడు, రాసిపెట్టుకోండి" అన్నాను. జూలై 8 రాత్రి అతను టీవీలో కూర్చుని మయామీ అన్నాడు. మాకు దక్కింది అమారే స్టౌడమైర్. అయిదేళ్లకు దాదాపు 100 మిలియన్ డాలర్లు. మోకాళ్ల చరిత్ర చూసి ఆ కాంట్రాక్టుకు ఇన్సూరెన్స్ ఇచ్చేవాడు కూడా దొరకలేదు. ఆ నెలంతా నేను సింక్ దగ్గర గిన్నెలు తోముతుంటే వెనకనుంచి "ఒరేయ్, ఎక్కడ్రా మీ లెబ్రాన్?" అని ఒకటే పాట. ఆ సబ్బునీళ్లలో చేతులు పెట్టుకునే నేను క్రియాపదం మార్చుకున్నాను.

2019 నాటికి ఆరితేరాను. ఆ జనవరి 31న నిక్స్ తమ ఏడడుగుల పొర్జింగిస్‌ను డాలస్‌కు ఇచ్చేసి, ఇద్దరు పెద్ద స్టార్లకు సరిపడా చోటు చేసుకున్నారు. మార్చిలో ఓనర్ స్వయంగా రేడియోలో, ఈ ఎండాకాలం మనకు బాగా కలిసొస్తుందన్న ధోరణిలో మాట్లాడాడు. బేస్‌మెంట్‌లో అందరూ "డ్యురాంట్ వస్తాడు" అన్నారు. ఒక స్నేహితుడైతే నీలం, నారింజ జెర్సీ మీద ఆ పేరు కుట్టించుకుని తొడుక్కుని వచ్చాడు. నేను మాత్రం "డ్యురాంట్ రావాల్సినవాడు" అన్నాను. జూన్ 30న ఇంకా ఆరు కాకముందే కబురొచ్చింది. డ్యురాంట్, కైరీ ఇర్వింగ్, ఇద్దరూ బ్రూక్లిన్‌కు. నది అవతల జట్టుకు! జెర్సీ కుట్టించుకున్నవాడు తల వంచుకుని ఛాతీ మీద బట్ట గోటితో గీరుకుంటున్నాడు. నేను రెండో బజ్జీ తీసుకుని, చట్నీలో ముంచి, "రావాల్సినవాడే" అన్నాను. గదిలో కాదన్నవాడు లేడు.

"ఉంటే" కూడా మంచి మాటే. "లెబ్రాన్ వచ్చి ఉంటే" అన్న వాక్యానికి బదులు చెప్పగల మనిషి ఇంకా పుట్టలేదు.

3. ప్రతి కాంట్రాక్టుకూ రెండు మాటలు సిద్ధం చేసుకోండి.

సంతకం పెట్టిన రోజు "ఎక్కువిచ్చారు". ఆడిన రోజు "నేను చెప్పలా". ఈ రెండిటి మధ్యా ఆరు నెలల ఎడం ఉంటే ఎవరికీ గుర్తుండదు.

జూలియస్ రాండిల్ 2019లో వచ్చాడు. అదే నెలలో బాబీ పోర్టిస్, టాజ్ గిబ్సన్, మార్కస్ మోరిస్ కూడా సంతకం పెట్టారు. అంతా దాదాపు ఒకే చోట ఆడేవాళ్లే. నేను "పెళ్లికి నలుగురు పురోహితులా" అని నవ్వాను. 2020-21లో రాండిల్ ఆ ఏటి అత్యంత మెరుగైన ఆటగాడి బహుమతి తీసుకున్నాడు, జట్టు 41 గెలిచి ప్లేఆఫ్‌లకు వెళ్లింది. "మొదట్నుంచీ నా వాడు" అన్నాను. అట్లాంటా చేతిలో 4-1తో ఓడిపోగానే "పురోహితుడి సంగతి మొదటే చెప్పా" అన్నాను. ఏ ఎండకా గొడుగు పట్టేవాడు తడవడు, ఎండడు.

జేలెన్ బ్రన్సన్ దగ్గర మాత్రం కాస్త ఎక్కువ పని పడింది. 2022లో అతనికి నాలుగేళ్లకు 104 మిలియన్లిచ్చారు. ఆరడుగుల రెండంగుళాల మనిషి, కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 33వ వాడు. అంతకు ముందే అతని తండ్రిని నిక్స్ కోచింగ్ బృందంలోకి తీసుకున్నారు. నేను "చుట్టరికం బేరం" అనేశాను. మరీ తొందరగా మాట్లాడుకున్నారని లీగ్ కూడా నిక్స్ నుంచి ఒక రెండో రౌండ్ పిక్, అంటే డ్రాఫ్ట్ వంతు, లాక్కుంది, నా మాటకు అదొక బలం. తీరా అతను వచ్చి ఆడిన ఆటకు గార్డెన్ పైకప్పు లేచిపోయింది. అప్పుడేం చేయాలి? మాట వెనక్కి తీసుకోకండి. మనిషిని మార్చండి. "నేనన్నది 2022 బ్రన్సన్ గురించి. వీడు వేరు" అనండి. 2024లో అతను ఏడాది ఆగితే దాదాపు 269 మిలియన్లు అడగగలిగీ, జట్టులో మంచివాళ్లకు చోటుండాలని 156.5 మిలియన్లకే సంతకం పెట్టాడు. దీన్ని కూడా వాడుకోవచ్చు. "చూశారా, తన ధర తక్కువని వాడే ఒప్పుకున్నాడు."

4. నోవా పేరు జేబులో ఉంచుకోండి.

2016లో నిక్స్ జొయాకిమ్ నోవాకు నాలుగేళ్లకు 72 మిలియన్లిచ్చారు. అతను నిక్స్‌కు ఆడింది మొత్తం 53 మ్యాచ్‌లు. 2018లో వదిలించుకున్నా, ఆఖరి ఏడాది జీతాన్ని మూడు ముక్కలు చేసి సాగదీయడంతో ఆ బరువు 2021-22 దాకా పద్దులో కూర్చుంది. ఎదుటివాడు ఎంత మంచి లెక్క తెచ్చినా వినిపించుకోకండి. "నోవాకు ఇచ్చినప్పుడు ఏమైందీ లెక్క?" అనండి. విషయం మారిపోతుంది. వాడి లెక్కకు మీరు సమాధానం చెప్పాల్సిన పనే ఉండదు.

5. నిజం తెలిస్తే దాచుకోండి.

అప్పుడప్పుడూ పొరపాటున నిజం తెలుస్తుంది. ఇంట్లో పిల్లలుంటే మరీను. మా అబ్బాయికి పదకొండేళ్లు. ప్రతి మ్యాచ్ చూస్తాడు. వీపు మీద 11 నంబరున్న బ్రన్సన్ జెర్సీ వేసుకుని, హాల్లో సోఫా దిండ్ల మధ్య ఎడమచేత్తో బంతి కొడుతూ, ఒక కాలు నేలకు ఆనించి ఇటూ అటూ తిరుగుతూ "నాన్నా, ఇలా రెండుసార్లు కొట్టబోయినట్టు నటిస్తాడు, అప్పుడు ఎదుటివాడు ఎగిరిపోతాడు" అని చేసి చూపిస్తాడు. నేను ఫోన్ చూసుకుంటూ "ఎక్కువిచ్చార్రా" అంటాను.

2024 ఎండాకాలంలో సెంటర్ ఐజయా హార్టెన్‌స్టైన్ మమ్మల్ని వదిలి ఒక్లహోమా సిటీకి వెళ్లిపోయాడు. మా వాడు వంటింటి బల్ల మీద కాగితం పరిచి పెన్సిల్‌తో లెక్క కట్టాడు. ఒక జట్టులో మూడేళ్లుంటే ఆ జట్టు జీతాల పరిమితి దాటి ఎంతైనా, మ్యాక్స్ దాకా, ఇవ్వొచ్చు. దానికి లారీ బర్డ్ పేరు పెట్టారు. రెండేళ్లే ఉంటే సగం హక్కే. హార్టెన్‌స్టైన్ ఉన్నది రెండేళ్లు. అందుకని నిక్స్ ఎంత గుంజుకున్నా నాలుగేళ్లకు దాదాపు 72.5 మిలియన్ల దగ్గర రూలు ఆపేసింది. ఒక్లహోమా మూడేళ్లకే 87 ఇచ్చింది. "వాళ్లు ఇవ్వలేదు కాదు నాన్నా, ఇవ్వలేరు" అన్నాడు.

లెక్క సరైనదే. అంతా అర్థమైంది. అందుకే అక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. రూలు ఒప్పుకున్నామంటే యాజమాన్యాన్ని తిట్టడానికి ఏమీ మిగలదు, సాయంత్రం బేస్‌మెంట్‌కు ఉత్త చేతులతో వెళ్లాలి. నేను "మనసుంటే మార్గముంటుంది నాన్నా, వాళ్లకు మనసు లేదు" అన్నాను. వాడు పెన్సిల్ బల్ల మీద పెట్టేసి కాగితం మడిచేశాడు. ఆ సాయంత్రం "మనసు లేదు" అన్న మాటకు అందరూ తలూపారు. మరుసటి ఏడాది హార్టెన్‌స్టైన్ ఒక్లహోమాతో కప్పు కొట్టాడు, నా మాటకు ఇంకా విలువ పెరిగింది.

6. పదాలు నేర్చుకోండి, అర్థాలు వద్దు.

సెకండ్ ఏప్రన్, మిడ్-లెవెల్, స్ట్రెచ్, స్టెపియన్ రూలు. నాలుగు చాలు. 2025-26కు సెకండ్ ఏప్రన్ గీత 207.8 మిలియన్ల దగ్గర గీశారు. ఆ అంకె ఒక్కటి బట్టీ పట్టండి, ఎవరైనా కొత్త ఆటగాడి పేరెత్తగానే దీర్ఘంగా నిట్టూర్చి "ఏప్రన్ ఉంది కదా" అనండి. ఏప్రన్ దాటితే ఏమవుతుందని అడిగితే "అదే కదా అసలు సమస్య" అనండి.

7. డ్రాఫ్ట్ పిక్‌ను మనిషికంటే గొప్పగా చూడండి.

మనిషి కళ్ల ముందు ఆడతాడు, తప్పులు చేస్తాడు. పిక్ ఆడదు. 2029లో వచ్చే పిక్ ఇప్పుడు ఏ ఫ్రీ త్రోనూ వదిలేయదు. కాబట్టి ఇచ్చేస్తే "భవిష్యత్తు అమ్మేశారు" అనండి, దాచుకుంటే "గెలిచే ధైర్యం లేదు" అనండి. 2024లో మికాల్ బ్రిడ్జెస్ కోసం అయిదు మొదటి రౌండ్ పిక్‌లు బ్రూక్లిన్‌కు పంపించారు. నేను వేళ్లు మడిచి అయిదూ లెక్కపెట్టి చూపించాను. బ్రిడ్జెస్ ఎలా ఆడతాడో చెప్పమన్నాడు ఒకడు. మళ్లీ వేళ్లు మడిచాను.

పాత ఉదాహరణ కావాలంటే 2013 బర్న్యానీ బేరం తీయండి. అతని కోసం టొరంటోకు ఇచ్చిన 2016 పిక్ చివరికి తొమ్మిదో స్థానంలో వచ్చింది, వాళ్లు యాకబ్ పర్టల్‌ను తీసుకున్నారు. ఆ పేరు పలకడానికి సాధన చేయండి. సరిగ్గా పలికితే ఆట మొత్తం చూసినవాడిలా ఉంటారు.

ఎవరో తెలియని కుర్రాణ్ని తీసుకుంటే ముందు బూ కొట్టండి. 2015లో నాలుగో పిక్‌గా పొర్జింగిస్ పేరు చదివితే హాలంతా బూ కొట్టింది, ఒక చిన్న పిల్లాడు ఏడ్చాడు కూడా. నెలలు తిరక్కుండానే ఊరంతా అతని జెర్సీలు. బూ కొట్టినందుకు ఎవరి మీదా ఎవరూ జరిమానా వేయలేదు. మీరూ రెండూ చేయండి.

8. రీబిల్డ్‌కు ఎప్పుడూ మూడేళ్లే అనండి.

ఎప్పుడు అడిగినా మూడేళ్లే. గడువు దగ్గరకొచ్చినకొద్దీ మళ్లీ మొదటి ఏడు నుంచి లెక్కపెట్టండి. కోచ్ మారితే కొత్త లెక్క, ప్రెసిడెంట్ మారితే కొత్త లెక్క. రీబిల్డ్‌లో ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే ఓటమి కూడా పని చేస్తున్నట్టే కనిపిస్తుంది. ఫిలడెల్ఫియా వాళ్లు ఈ దారిలో ఎంత దూరం పోవచ్చో చూపించారు. 2015-16లో 10 గెలిచి 72 ఓడారు. ఆ పథకం వేసిన సామ్ హింకీ ఆ ఏప్రిల్‌లోనే 13 పేజీల ఉత్తరం రాసి రాజీనామా చేశాడు. పదమూడు పేజీలు! మనకు ఒక వాక్యం చాలు: "ఇది ప్రాసెస్."

2018-19లో నిక్స్ 17 గెలిచి 65 ఓడారు, లీగ్‌లో అందరికంటే అడుగున. నేను శీతాకాలమంతా హాయిగా పడుకున్నాను. ప్రతి ఓటమికీ "మంచిది, జయాన్ దగ్గరపడుతున్నాడు" అన్నాను; ఆ ఏటి మొదటి పిక్ అతనే అవుతాడని అందరి అంచనా. అంతకుముందు పిక్‌ల లాటరీలో అడుగు జట్టుకు మొదటి పిక్ వచ్చే అవకాశం 25 శాతం ఉండేది. సరిగ్గా ఆ ఏడే దాన్ని 14 శాతానికి దించి, కింది మూడు జట్లకూ సమానం చేశారు. మే నెల లాటరీలో 6 శాతం అవకాశం ఉన్న న్యూ ఆర్లీన్స్‌కు జయాన్ విలియమ్సన్ వెళ్లాడు. మాకు మూడో పిక్, ఆర్‌జే బారెట్. శాతాల సంగతి నాకు ముందే తెలుసు, అయినా బేస్‌మెంట్‌లో చెప్పలేదు. లాటరీ మోసమని చెప్పాను. 1985 మొట్టమొదటి లాటరీలో పాట్రిక్ యూయింగ్ నిక్స్‌కు వచ్చినప్పుడు కవరును ఐసులో పెట్టారని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. అది వేరు. మనకొస్తే రాత, పక్కవాడికొస్తే మోసం.

డ్యురాంట్ బ్రూక్లిన్ వెళ్లిన సాయంత్రమే నిక్స్ ప్రెసిడెంట్ ఒక ప్రకటన ఇచ్చాడు. అభిమానులు కొందరు నిరాశపడొచ్చు, మా రీబిల్డ్ మీద మాకు మాత్రం నమ్మకముందని దాని సారాంశం. నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. అంతకంటే గట్టి సాకు నేను చదవలేదు. ఇంట్లో కూడా వాడుతున్నాను. ఇండియా టిక్కెట్లు చవగ్గా ఉన్నప్పుడు కొనడం మర్చిపోయి, ధర రెట్టింపయ్యాక మా ఆవిడ నిలదీస్తే "నీకు నిరాశగా ఉండొచ్చు, మన ప్రణాళిక మీద నాకు నమ్మకముంది" అన్నాను. ఆ ఏడు వెళ్లలేదు. మూడేళ్ల పథకంలో ఇది మొదటి ఏడు.

9. వేళ చూసి కొట్టండి.

ఎదుటివాడి నోట్లో బిర్యానీ ఉన్నప్పుడే ప్రశ్న వేయండి. వాడు నమిలి మింగేలోపు మీరే జవాబు కూడా చెప్పేయండి. ఓడిపోతున్నట్టు అనిపిస్తే ఫోన్ చెవికి పెట్టుకుని "ఇండియా కాల్" అంటూ మెట్లెక్కేయండి. అయిదు నిమిషాల తర్వాత దిగి వచ్చి "సరే, అందరం ఒప్పుకున్నట్టేగా" అనండి. పార్కింగ్‌లో కారు తీస్తున్నవాడి కిటికీ దగ్గర చివరి మాట చెప్పి తల వెనక్కి తీసేయండి.

వేళ అంటే మా బావగారి సంగతి చెప్పాలి. మా అక్కావాళ్లు డాలస్‌లో ఉంటారు. బావగారు మావెరిక్స్ మనిషి. 2013 నుంచి మాకు ఆదివారాలు ఫోన్లో ఇదే పని, గంటలకు గంటలు. ఆయన లెక్కల మనిషి, నిజాయితీగా వాదిస్తారు. అలాంటివాళ్లతో వాదనలో గెలవాలంటే ఆయన బాధపడే రోజు కోసం కాచుకోవాలి. బ్రన్సన్ వాళ్ల దగ్గరే ఉండేవాడు. 2021లో 55 మిలియన్ల చిల్లరకు నాలుగేళ్లు కట్టేసుకునే వీలుండీ ఊరుకున్నారు, అతను ఉత్తినే మాకు వచ్చేశాడు. ఆ పేరు చెప్పి రెండేళ్లు లాక్కొచ్చాను. 2023 ఏప్రిల్‌లో వాళ్ల పిక్ ఒకటి మాకు దక్కకుండా ఉండాలని ఆఖరికి ముందు మ్యాచ్‌లో కావాలని వెనక్కి తగ్గితే లీగ్ 750,000 డాలర్ల జరిమానా వేసింది. అది ఆర్నెల్లు వచ్చింది.

2025 ఫిబ్రవరి 2, మాకు అర్ధరాత్రి దాటి పది నిమిషాలైంది. లూకా డాన్చిచ్‌ను డాలస్ లేకర్స్‌కు ఇచ్చేసిందని కబురు. పాతికేళ్ల కుర్రాడు, ముందు సీజన్లోనే జట్టును ఫైనల్స్‌కు తీసుకెళ్లినవాడు. నేను వెంటనే డాలస్‌కు ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తారు. మేలుకునే ఉన్నారు. "బావగారూ, లూకా మీ దగ్గరే ఉండాల్సినవాడు" అన్నాను. అవతల టీవీ చప్పుడు వినిపిస్తోంది. ఆయన ఏమీ అనలేదు. కాసేపటికి "పడుకోండి, పొద్దుపోయింది" అని పెట్టేశారు. ఇన్నేళ్లూ నన్ను "ఏరా" అని పిలిచిన మనిషి. ఆ తర్వాత ఆయన నాతో బాస్కెట్‌బాల్ ఎత్తలేదు. ఆదివారాలు అక్కే మాట్లాడుతుంది. పన్నెండేళ్ల వాదన ఒక్క వాక్యంతో ముగించాను. కష్టపడితే మీకూ సాధ్యమే.

10. గెలుపు వస్తే కంగారు పడకండి.

ఈ విద్యకు ఉన్న ఒకే ఒక్క ప్రమాదం జట్టు గెలవడం. అందరూ సంతోషంగా ఉన్నప్పుడు వాదించడానికి ఎవరూ దొరకరు. తట్టుకుని నిలబడాలి.

2025 మే 16న నిక్స్ బోస్టన్‌ను 119-81తో కొట్టి, 2000 తర్వాత మొదటిసారి ఈస్ట్ ఫైనల్స్‌కు వెళ్లారు. ఊరంతా గార్డెన్ బయట సెవెంత్ ఎవెన్యూ మీద పడింది. పక్కింటివాళ్లు మధ్యాహ్నమే వచ్చి రమ్మన్నారు. మా ఆవిడా, అబ్బాయీ వాళ్లతో రైలెక్కారు. నేను వెళ్లలేదు. వెళితే అరుస్తాను, అరిస్తే నచ్చినట్టు అందరికీ తెలిసిపోతుంది, తర్వాత ఓడినప్పుడు నోరెత్తే హక్కు పోతుంది. బేస్‌మెంట్‌లో ఒక్కణ్నే కూర్చుని తర్వాతి సిరీస్‌కు అనాల్సిన మాటలు సరిచూసుకున్నాను. రాత్రి రెండింటికి వచ్చారు. మా వాడికి గొంతు పోయింది. జెర్సీ భుజం మీద ఎవరిదో సోడా పడి బంకగా ఉంది, జుట్టులో నారింజ రంగు కాగితం ముక్కలు. చేతులు ఊపుతూ ఏదో చెప్పబోయాడు, గొంతులోంచి గాలి తప్ప రాలేదు. నేను "అదంతా సరే, ఇండియానా మీద హాలిబర్టన్‌ను ఎవడు ఆపుతాడు?" అని అడిగాను. వాడు షూ విప్పుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

అయిదు రోజులకు మొదటి మ్యాచ్. ఇంకా మూడు నిమిషాలు కూడా మిగలని వేళ నిక్స్ 14 పాయింట్లు ముందున్నారు. చివరి క్షణంలో హాలిబర్టన్ వేసిన బంతి రింగుకు తగిలి, మనిషెత్తు పైకి లేచి, లోపల పడింది. ఎక్స్‌ట్రా టైములో 138-135, ఇండియానా. నేను మెట్లెక్కి మా వాడి గది తలుపు దగ్గర నిలబడి "అడిగానా లేదా?" అన్నాను. తలుపు కింద వెలుతురు ఆరిపోయింది. ఆ సిరీస్ 4-2తో పోయింది, జూన్ 3న కోచ్ థిబడోను తీసేశారు, నేను అప్పటికే మూడేళ్ల లెక్క మొదలుపెట్టేశాను.

11. జూన్ 30కి సిద్ధం కండి.

ఈమధ్య బేస్‌మెంట్ ఎక్కడ పెడుతున్నారో నాకు ఎవరూ చెప్పడం లేదు. దాని వల్ల మేలే. బజ్జీలు ఒక్కరికి కట్టించుకుంటే సరిపోతుంది, రిమోట్ మీ చేతిలోనే ఉంటుంది, మధ్యలో మాటకు అడ్డొచ్చేవాడు ఉండడు. మీకూ ఈ దశ తప్పకుండా వస్తుంది. వచ్చినప్పుడు ఇలా చేయండి. అయిదున్నరకు టీ పెట్టుకోండి. పాత స్నేహితులందరి నంబర్లూ ఒక కాగితం మీద వరసగా రాసుకోండి, డాలస్ నంబరు అందరికంటే పైన. ఆరు కాగానే ఒక్కొక్కరికి ఫోన్ చేయండి. ఎత్తరు. ఎత్తకపోవడమే కావాలి మనకు. బీప్ వినిపించాక పేరు స్పష్టంగా చెప్పి, "ఫలానా ఆటగాడు మనకు రావాల్సినవాడు" అని ఒక్క ముక్క అని పెట్టేయండి. ఎన్ని గంటలకు అన్నారో ఫోనే రాసి పెట్టుకుంటుంది.